పిల్లులు రాని గది

"రేపు పొద్దుగాల శిబిరానికి పులిహోర పోవాలె. వందమందికి సరిపోను చెయ్యి," అన్నాడు ఉపేందర్, గడప దాటుతూనే.

అతని భార్య వనమాల చాటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తేసరికి అతను లోపలికి వెళ్ళి, మెడలో కండువా తీసి మంచం మీద పడేసి, టీవీ పెట్టుకున్నాడు. చేయగలవా అని గాని, చేస్తావా అని గాని అడగలేదు. అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. చెప్పేవాళ్ళు చెబుతారు, చేసేది ఒకతే.

జనగామ మొత్తం మూతబడి ఉంది. సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపో దాటడం లేదు. బడులకు తాళాలు. ఆఫీసుల ముందు దీక్షా శిబిరాల టెంట్లు. ఉపేందర్ హోల్‌సేల్ కిరాణా దుకాణం షట్టరు కూడా దించే ఉంది. టీచర్లు, డ్రైవర్లు, గనుల్లో కార్మికులు, అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. వనమాల పొయ్యి మాత్రం ఆగలేదు. పైగా ఇంట్లో నలుగురికి వండేది ఇప్పుడు శిబిరానికి కూడా వండుతోంది. సకల జనులు అన్న మాటలో తను ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. ఇంట్లో వాళ్ళందరికంటే ఎక్కువే ఉందేమో. హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ ఏదో ప్రశ్న వేస్తే లేచి నిలబడి "గదేందో నాకు ఎర్క లేదు సార్" అంది. ఆయన ఆ మాటను ఆమె గొంతుతోనే తిప్పి పలికాడు. తరగతి మొత్తం నవ్వింది. ఆ తర్వాత మూడేళ్ళూ ఆమె క్లాసులో నోరు విప్పలేదు. అందుకే ఉపేందర్ శిబిరంలో మొదటిసారి మైకు పట్టుకుని "మన మాటను చూసి నవ్విండ్రు. సినిమాలల్ల జోకర్లకు మన యాస పెట్టిండ్రు. మనకు గావాల్సింది పదవులు గాదు, మర్యాద" అన్నప్పుడు వెనక ఆడవాళ్ళలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఏళ్ళుగా తన లోపల ఉన్నదాన్ని ఈ మనిషి ఎలా కనిపెట్టాడా అనుకుంది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ "మంచిగ మాట్లాడిండ్రు" అంది. అతను ముద్ద కలుపుతూ నవ్వాడు. "నీకేం సమజైంది అండ్ల?" అన్నాడు. అది కోపంతో అన్నది కాదు. ప్రేమగానే అన్నాడు. ఆమెకు మాత్రం హనుమకొండ తరగతి గది గుర్తొచ్చింది.

ఆమెకు పిల్లుల సంగతి తెలిసింది సమ్మెకు ముందు ఏడాది. ఇంటి వెనక హోటలతను ఒక పిల్లి మీద సలసల కాగే నీళ్ళు పోశాడు. అది గోడ దూకి వనమాల పెరట్లో, అంట్లు తోమే బండ పక్కన పడింది. వీపు తోలు ఊడి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె దాన్ని పాత చీరలో చుట్టి, కూరగాయల బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకు నడిచింది. కాంపౌండర్ మందు రాసి, "ఇది ఇంట్ల బతుకదమ్మా. స్టేషన్ వెనుక శశికళ టీచర్ ఉంటది, ఆమెకియ్యి. గసొంటివన్ని ఆమెనే చూస్తది," అన్నాడు.

శశికళ మానుకోటలో ఏళ్ళ తరబడి సైన్సు టీచరుగా చేసి, చివరి ట్రాన్స్‌ఫర్ మీద జనగామ వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. రైలు పట్టాల వెనక మూతబడిన పల్లి నూనె మిల్లు ఒకటి ఉంది. ఆ మిల్లు యజమాని జగపతి కూతురికి ఒకప్పుడు ట్యూషన్ చెప్పినందుకు, ఆయన రేకుల షెడ్డు వాడుకొమ్మన్నాడు. అందులో అన్నీ పిల్లులే: దెబ్బ తగిలినవి, కళ్ళు పోయినవి, సంచిలో కట్టి పారేస్తే దొరికినవి, కళ్ళు తెరవని కూనలు.

వనమాల బుట్ట దించగానే టీచర్ ఎవరింటి దానివని అడగలేదు. "మెడ దగ్గర గట్టిగ పట్టుకో, కొరుకుతది," అని సూది లేని సిరంజి చేతిలో పెట్టింది. "పాలు ఒక్కసారి కొట్టకు. బొట్టు బొట్టు పొయ్యి. అది మింగినంకనే ఇంకోటి." ఆ పిల్లి మనిషి నీడ పడితే చాలు వణికేది. ఆ భయం చూసి టీచర్ దానికి బుగులు అని పేరు పెట్టింది.

వనమాల మళ్ళీ వెళ్ళింది. తర్వాత రోజూ వెళ్ళింది. మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక, అత్త కునుకు తీసే వేళ. అక్కడ చేసేదీ పనే. గుడ్డలు ఉతకడం, పెంట ఎత్తిపోయడం, గిన్నెలు కడగడం. ఇంట్లో చేసి చేసి చేతులు కాయలు కాసిన పనే. అయినా అక్కడికి పోతుంటే కాళ్ళు బరువెక్కేవి కావు. ఎందుకో ఆమె చాలా రోజులు ఆలోచించింది. పిల్లులు కృతజ్ఞత చూపవు. వాటికి ఇష్టమైతే ఒళ్ళో కూర్చుంటాయి, విసుగొస్తే లేచిపోతాయి. వండినదాంట్లో ఉప్పు తగ్గిందని అనవు, మీ అమ్మ నేర్పలేదా అనవు. కాని అసలు సంగతి అది కాదని ఆమెకు మెల్లగా తెలిసింది. ఆ షెడ్డుకు పొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయ్యాక తనంతట తాను ఎంచుకున్న పని ఇదొక్కటే.

అన్నిటికంటే కష్టమైంది చేపలు. వాళ్ళింట్లో తరతరాలుగా నీసు ముట్టరు. మొదట్లో టీచర్ "నువ్వు దూరముండు, నేను ఉడకేస్త" అనేది. ఒకరోజు టీచర్‌కు జ్వరం వచ్చింది. పిల్లులు గిన్నెల చుట్టూ తిరుగుతున్నాయి. వనమాల ముక్కుకు కొంగు కట్టుకుని ఎండుచేపలు కడిగి అన్నంలో వేసి ఉడికించింది. బయటికి పోయి కక్కుకుని, మూతి కడుక్కుని, మళ్ళీ వచ్చి కలిపింది. ఆ రోజు నుంచి ఇంటికి రాగానే పెరట్లోనే స్నానం చేసేది. అయినా అత్త పసిగట్టింది. "మన ఇంట్ల నీసు వాసన. ఏం బతుకు ఇది," అని దేవుడి గది తలుపులు మూసింది. ఉపేందర్ మాత్రం నవ్వాడు. "ఇంట్ల జీతం లేని పని చాలదని ఊర్ల గూడ మొదలువెట్టినవా?"

వనమాల అంట్ల గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంటే, ఇంట్లో తను చేసేది జీతం లేని పని అని ఈయనకు తెలుసు. తెలియక కాదు. ఎప్పుడో ఒకనాడు తెలిసినప్పుడు మారతాడేమోనని ఆమె ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. తెలిసే ఉందన్న సంగతి ఆ రోజు తెలిసింది.

అయినా ఇంట్లో ఏది అడిగినా అతనిది ఒకటే జవాబు. బి.ఎడ్. రాస్తానంటే "తెలంగాణ రానీ, అప్పుడు చూద్దాం, కొలువులు మనయే." వంటకు ఒక మనిషిని పెట్టుకుందామంటే "తెలంగాణ రానీ." పుట్టింటికి పోయి నాలుగు రోజులుంటానన్నా అదే మాట. ఆమెకు కూడా ఆ మాట అలవాటైపోయింది. తన మనసుకు తనే ఆ మాట చెప్పుకునేది.

సమ్మె ముదిరాక ఒక సాయంత్రం ఉపేందర్ చెప్పాడు. "జగపతి మిల్లు షెడ్డు తీస్కుంటున్నం. ఊళ్ళకెల్లి వచ్చేటోళ్ళు పండుకోవాలె, బియ్యం సంచులు పెట్టాలె. పిల్లులను తీసెయ్యమని టీచరమ్మకు చెప్పు."

"ఎక్కడికి తీస్తదండి? బస్సుల్లేవ్, ఆటోల్లేవ్. కొన్ని నడువలేవు గూడ," అంది వనమాల. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జర ఆగుండ్రి. నేను ఏదన్న జాగ చూస్త."

అతను కండువా సర్దుకున్నాడు. "సరే. ఎల్లుండి హైవే మీద వంటా వార్పు ఉంది గద. అది అయినంక మాట్లాడుదాం. అప్పటిదాక ఎవ్వడు ముట్టడు. ముందుగాల గా పని చూడు."

ఆమె నమ్మింది. మాటిచ్చాడు కదా అనుకుని టీచర్‌కు కూడా చెప్పలేదు. చెబితే భయపడుతుందని ఆగింది.

వంటా వార్పు రోజు హైదరాబాదు రోడ్డు మీద కనుచూపు మేర పొయ్యిలే. రాళ్ళు పెట్టి, కట్టెలు పేర్చి, పెద్ద పెద్ద గుండిగలు ఎక్కించారు. మగవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కూర్చుని పాటలు పాడుతున్నారు, డప్పులు కొడుతున్నారు. ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర ఉన్నారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు. వనమాలకూ సంతోషంగానే ఉంది. ఇంటి పొయ్యి రోడ్డు మీదికి వచ్చింది, ఇంతమంది చూస్తున్నారు, ఇది పోరాటమే అనుకుంది. చెమట కారుతుంటే గుండిగలో గరిటె తిప్పుతోంది.

అప్పుడు పొగలోంచి టీచర్ కనిపించింది. చెప్పుల్లేవు. రెండు చేతులూ మోచేతుల దాకా గీరుకుపోయి నెత్తురు చారలు. జనాన్ని తోసుకుని వచ్చి, పొయ్యికి అవతల నిలబడింది.

"వనమాలా, జర రా. జగపతి మనుషులొచ్చి కట్టెలతోని కొట్టి ఎల్లగొడుతుండ్రు. కూనలు గోడ మూలకున్నయ్. నేనొక్కదాన్ని పట్టలేకపోతున్న."

వనమాల గరిటె వదలబోయింది. ఉపేందర్ వెనకనే ఉన్నాడు. అతని పక్కన జగపతి కూడా ఉన్నాడు. ఉపేందర్ గొంతు పెంచలేదు. నలుగురిలో భార్యతో మాట్లాడే మర్యాదైన గొంతుతోనే అన్నాడు. "గుండిగ పొయ్యి మీదున్నది. అన్నం మాడుతది. ఎటు పోతవ్?"

వరసల్లో కూర్చున్నవాళ్ళు చూస్తున్నారు. పక్క పొయ్యి ఆడవాళ్ళు చూస్తున్నారు. వనమాల టీచర్ వైపు చూసి, "ఇగో, ఇది దించి వస్త టీచర్. మీరు నడువుండ్రి," అంది.

టీచర్ వెనుదిరిగింది. వనమాల గుండిగ దించింది. దించాక వార్చమన్నారు. వార్చాక వడ్డించమన్నారు. విస్తళ్ళు అయిపోతే తెమ్మన్నారు. ఎవరో పెద్దాయన రెండోసారి వడ్డించుకుని "బంగారమోలె ఉంది అన్నం" అన్నాడు.

అన్నం మాడలేదు.

ఆమె షెడ్డుకు చేరేసరికి లోపల బియ్యం సంచులు పేర్చి ఉన్నాయి. నేల కడిగేశారు. నడవలేని ముసలి పిల్లి ఒకటి, కళ్ళు తెరవని కూనలు కొన్ని గోడవతల చెత్తలో ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. టీచర్ పట్టాల పక్కన సర్కారు తుమ్మల్లో వంగి వంగి పిలుస్తోంది. వనమాల కూడా ముళ్ళల్లోకి దిగింది. పొద్దు గూకేదాకా కొన్ని దొరికాయి. మర్నాడు మరికొన్ని. బుగులు దొరకలేదు. మనిషి నీడకే భయపడే పిల్లి. ఏడాది పాటు ఆమె చేతి వాసన ఒక్కటే నమ్మింది. అది ఏ పొద మాటున వణుకుతూ కూర్చుని తను పిలిస్తే వద్దామని చూసిందో, పిలవాల్సిన వేళ తను ఎక్కడుందో.

ఇంట్లో అడిగింది. "ఎవ్వరు ముట్టరంటిరి గద." ఉపేందర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంతమంది పాణాలు పోతున్న ఉద్యమంల నీకు పిల్లులు గుర్తొస్తున్నయా?" అన్నాడు. నిజమే, తెలంగాణ కోసం చదువుకునే పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. పేపరు తెరిస్తే వాళ్ళ ఫోటోలే. ఆమె ఆ ఫోటోలు చూసి ఏడ్చింది. ఒక దుఃఖం ఉన్నచోట ఇంకో దుఃఖానికి చోటుండదని ఎవరు చెప్పారో ఆమెకు తెలియదు. చిన్నదాన్ని ఎప్పుడూ పెద్దదాని కింద తొక్కుతారని, ఆ చిన్నది ఏదో మాత్రం ఎప్పుడూ వాళ్ళే నిర్ణయిస్తారని ఆమెకు తెలుసు. అది నోటితో చెప్పడం అప్పటికి రాలేదు.

సమ్మె ఆగి బండ్లు తిరగడం మొదలయ్యాక టీచర్ సామాను సర్దింది. "ఘనపూర్ పోతున్న. మన స్టేషన్ ఘన్‌పూర్ గాదు, ములుగు తానున్న ఘనపూర్. మా అవ్వ ఇల్లున్నదాడ. పెంకుటిల్లు, పెద్ద వాకిలి. రెండు గదులు." ట్రాలీ ఆటోలో బుట్టలు ఎక్కిస్తున్న వనమాల చేయి పట్టుకుంది. "నువ్వు గూడ రా. ఊకెనే అంటలేను. ఒక గది నీది. అక్కడి బడిల విద్యావలంటీరు పని దొరుకుతది నీకు, డిగ్రీ ఉంది గద."

ఒక్క క్షణం వనమాలకు ఆ వాకిలి కనిపించింది. వెంటనే కూతురు సౌజన్య ఇంటర్ పరీక్షలు, అత్త మోకాళ్ళు, పొద్దున్నే శిబిరానికి పోవలసిన టిఫిన్లు కనిపించాయి. "తెలంగాణ రానియ్యిండ్రి టీచర్. తప్పకుండ వస్త," అంది. అనగానే అది ఎవరి మాటో తెలిసింది. టీచర్‌కు కూడా తెలిసినట్టుంది. వనమాల నుదుటి మీది చెమట తన కొంగుతో తుడిచి ఆటో ఎక్కింది.

మరుసటి ఏడాది అత్త పడిపోయింది. పక్షవాతం. వనమాల రోజులు మంచం చుట్టూ తిరిగాయి. టీచర్ ఫోన్ చేసినప్పుడు చేతులు ఖాళీ ఉండేవి కావు. తర్వాత చేద్దామనుకునేది. చేసినప్పుడు టీచర్ పిల్లుల సంగతులు చెప్పేది, చివర "ఎప్పుడొస్తున్నవ్?" అనేది. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే అత్త వంకరపోయిన నోటితో మెల్లగా అంది. "నాకు గూడ ఒక పిల్లి ఉండె. పెండ్లయినంక వెంట తెచ్చుకున్న. మా అత్త బాయిల పడేపిచ్చింది." వనమాల చేయి ఆగింది. "మరి నన్నెందుకు అన్నరు అత్తమ్మా?" అని అడిగింది. అత్త మంచి చేత్తో దుప్పటి లాక్కుని, "ఏమో బిడ్డా. అట్లనే అంటరనుకున్న," అంది. ఆ చలికాలంలోనే పోయింది. కర్మలు, బంధువులు, వంటలు, సౌజన్యను హైదరాబాదు హాస్టల్‌లో చేర్చడం. మరో చలికాలం వచ్చేసరికి టీచర్ ఫోన్లు ఆగిపోయాయి. రాలేదని అలిగిందనుకుంది వనమాల. అలగడానికి ఆమెకు హక్కుందనుకుంది.

ఆ చలికాలం దాటాక, జూన్ రెండున తెలంగాణ వచ్చింది. చౌరస్తాలో జెండా ఎగరేశారు. ఉపేందర్‌కు శాలువా కప్పారు. వనమాల కూడా చప్పట్లు కొట్టింది. గుండె నిండి కళ్ళు తడిసిన మాట నిజం. హనుమకొండలో నోరు మూసుకున్న ఆ పిల్ల ఆ రోజు గుంపులో నిలబడి గొంతెత్తి జై కొట్టింది. ఆ వారమే ఒక పొద్దున చీర కట్టుకుని, చిన్న సంచి భుజాన వేసుకుని, "తెలంగాణ వచ్చింది గద. ఘనపూర్ పోతున్న," అంది.

"ఘనపూర్‌కా? పిల్లులను చూడనీకా?" నవ్వాడు ఉపేందర్. "సరే పోయి రా. మాపటికి వచ్చెయ్యి, పదిమంది బువ్వకొస్తుండ్రు."

హనుమకొండలో బస్సు మారి, ములుగు మీదుగా ఘనపూర్‌లో దిగేసరికి ఎండ మాడుతోంది. పెంకుటిల్లు అడగకుండానే తెలిసింది. గోడ మీద రెండు పిల్లులు కూర్చుని ఉన్నాయి. వాకిట్లో ఒక లంబాడా ఆమె పిల్లుల గిన్నెల్లో జొన్న గట్క పోస్తోంది. పక్క తండా మోతీబాయినని చెప్పుకుంది.

"టీచర్ లేరా?" అంది వనమాల.

మోతీబాయి గిన్నె కింద పెట్టింది. "మొన్న చలికాలంల పోయింది గదమ్మా. జ్వరమొచ్చింది, భూపాలపల్లి దవాఖానకు తీస్కపోయినం. తిరిగి రాలె. తమ్ముడు మానుకోటకెల్లి వచ్చి మట్టి చేసి పోయిండు. పిల్లులున్నన్ని దినాలు ఇల్లు గిట్లనే ఉండనియ్యి అన్నడు. తాళంచెవి నాకే ఇచ్చిండు. నువ్వెవరు?"

వనమాల తన పేరు చెప్పింది.

మోతీబాయి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. నడుముకున్న తాళంచెవి తీసి, లోపలి గది తలుపు తెరిచింది. ఒక నులక మంచం. దాని మీద ఉతికిన దుప్పటి. కిటికీ దగ్గర బల్ల, కుర్చీ. పిల్లి వెంట్రుక ఒక్కటి లేదు.

"గీ గదిలకు పిల్లులను రానిచ్చేది గాదు. ఎన్ని మొత్తుకున్నా తలుపు తియ్యకపొయ్యేది. ఇది వనమాలది, పిల్లులను రానియ్యాలెనో వద్దో ఆమె ఇష్టం అనేది. వారం వారం ఊడిపిచ్చేది నాతోని. పోయినంక గూడ ఊడుస్తనే ఉన్న. ఎందుకో మానబుద్ధి కాలె." మోతీబాయి కొంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది. "నాతోని గూడ అయితలేదమ్మా. పత్తి చేన్ల పనికి పోవాలె. ఎండలకు సగం పిల్లులు ఎల్లిపోయినయ్."

వనమాల మంచం మీద కూర్చుంది. నులక కొత్తది, బిర్రుగా ఉంది. దాని మీద ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు. ఈ గది ఇన్నాళ్ళూ ఊడ్చి తనకోసం ఉంది. తను అన్నాళ్ళూ జనగామలో అంట్లు తోముతూ, ఇంకా టైముంది అనుకుంది. తను వచ్చి ఉంటే టీచర్ ఈ కుర్చీలో కూర్చుని మాట్లాడేది. తను ఇక్కడ వినేది. ఒక్క వర్షాకాలమైనా, ఒక్క నెలైనా. ఏడవలేదు. ఏడిస్తే తేలికైపోతుందేమోనని, అంత తేలిగ్గా పోనివ్వకూడదని కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర ఒక పిల్లి వచ్చి ఆగి, లోపలికి చూసి, రాకుండా వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. ఉపేందర్.

"ఎక్కడున్నవ్? బస్సెక్కినవా? మాపటికి పదిమంది అన్న గద." వెనక దుకాణంలో ఎవరో నవ్వుతున్నారు. అతను కూడా నవ్వు గొంతుతోనే అడిగాడు. "టీచరమ్మ కలిసిందా మరి?"

వనమాల ఆ గదిని ఒకసారి చుట్టూ చూసింది.

"కలిసింది," అంది. "ఉండమన్నది. ఉంటున్న."